చేతులెత్తిస్తే ఎన్నిక జరిగినట్టేనా?

ప్రశ్న: మాది 40 మంది సభ్యులున్న సేవా క్లబ్, ఒక అంతర్జాతీయ సంస్థకు అనుబంధం. కంటి శిబిరాలు, రక్తదానం, బడిపిల్లలకు పుస్తకాలు, అన్నిట్లోనూ పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈసారి సెక్రటరీగా నిలబడతానంటే పాస్ట్ ప్రెసిడెంట్లు "మన దగ్గర ఎప్పుడూ ఏకగ్రీవమే కదమ్మా, ఈసారికి తప్పుకోండి" అన్నారు. నేను తప్పుకోలేదు. మీటింగ్‌లో అప్పటికప్పుడు చేతులెత్తమన్నారు. నా వైపున్న నలుగురికి చందా బాకీ ఉంది కాబట్టి ఓటు లేదన్నారు, అటువైపు బాకీల ఊసే ఎత్తలేదు. చివరికి నాకు లేచినవి ఐదు చేతులు. ఓడినందుకు కాదు, జరిగిన తీరుకే బాధగా ఉంది. క్లబ్ మానేయాలా?
– ఒక సభ్యురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మానేయకండమ్మా. మీకు ఐదు ఓట్లే వచ్చాయని కూడా అనుకోకండి, ఎందుకంటే అసలు ఎన్ని వచ్చేవో ఎవరికీ తెలియదు.

చిన్న ఊళ్లో చెయ్యెత్తడం అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఎదురుగా కూర్చున్నాయన దగ్గర ఒకరికి అప్పు ఖాతా ఉంటుంది, ఇంకొకరి పిల్లలు ఆయన బళ్లోనే చదువుతుంటారు, మరొకరు ఆయన ఇంట్లో అద్దెకుంటారు. వాళ్లంతా ఆయన కళ్లముందు మీకోసం చెయ్యెత్తాలంటే ఎంత టెన్షన్! రహస్య ఓటు ఉన్నది ఇలాంటి వాళ్లకోసమే. లయన్స్ క్లబ్బుల నమూనా నియమావళిలో రాతపూర్వక రహస్య బ్యాలెట్ అనే ఉంటుంది. మీ క్లబ్ బైలాలో ఏముందో ముందు అది తెప్పించుకుని చదవండి. చాలా క్లబ్బుల్లో ఆ పుస్తకం బీరువాలోనే ఉండిపోతుంది, సగం మంది దాన్ని చూసి కూడా ఉండరు.

ఏకగ్రీవం అనే మాటకు మన ఊళ్లలో గౌరవం ఉంది, ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలు నజరానాలు కూడా ప్రకటించాయి. అది చెడ్డదని నేను అనను. కానీ నామినేషన్లకు గడువిచ్చి, అందరికీ తెలియజేసి, ఒక్కరే మిగిలితే అది ఏకగ్రీవం. నలుగురు పెద్దలు ముందురోజు రాత్రి ఎవరింట్లోనో కూర్చుని పేర్లు రాసుకుంటే అది వాళ్ల ఇష్టం, క్లబ్ నిర్ణయం కాదు.

నన్నడిగితే మీకు అసలు దెబ్బ చందా దగ్గర తగిలింది. బాకీ ఉన్నవాళ్లకు ఓటు లేదనడం తప్పేమీ కాదు, చాలా సంస్థల్లో ఉన్న నియమమే. కానీ ఆ లెక్క ఎన్నిక రోజు తేల్చకూడదు. కనీసం రెండు వారాల ముందే ట్రెజరర్ సంతకంతో ఓటర్ల జాబితా అందరికీ పంపాలి, ఎవరు ఎంత బాకీ ఉన్నారో, ఫలానా తేదీలోపు కడితే ఓటుంటుందో లేదో అందులో ఉండాలి, అభ్యంతరాలుంటే ఆ లోపే చెప్పమనాలి. అప్పుడు అటువైపు బాకీలూ ఇటువైపు బాకీలూ ఒకే కాగితం మీదికి వస్తాయి.

ఓట్లు లెక్కపెట్టేది పోటీలో ఉన్నవాళ్లు కాకూడదు, వాళ్లను ప్రతిపాదించినవాళ్లూ కాకూడదు. పక్క ఊరి క్లబ్ పెద్దను పిలవండి, సంతోషంగా వస్తారు. నేనూ ఒకసారి అలా వెళ్లాను. హాల్లో 36 మంది ఉంటే డబ్బాలో 38 చీటీలు వచ్చాయి! చీటీల మీద నా సంతకం లేకపోవడం, ఇచ్చేటప్పుడు జాబితాలో టిక్కు పెట్టకపోవడం నా పొరపాటే. అక్కడికక్కడే రద్దు చేసి మళ్లీ పెట్టాం, గంట ఆలస్యమైంది, ఎవరూ గొడవ చెయ్యలేదు. సమానంగా ఓట్లొస్తే ఏం చెయ్యాలో కూడా ముందే రాసుకోండి. మన చట్టసభల ఎన్నికల్లోనే అలాంటప్పుడు లాటరీ తీస్తారు.

ఇప్పుడేం చెయ్యాలంటారా? ప్రెసిడెంటుకు ఒక ఉత్తరం రాయండి: నోటీసు ఎప్పుడిచ్చారు, ఓటర్ల జాబితా ఏది, చేతులెత్తించడం బైలాలో ఎక్కడుంది అని. కోపం చూపించకండి, ఈ మూడూ అడగండి చాలు. మినిట్స్ బుక్‌లో నమోదు చెయ్యమనండి. జవాబు రాకపోతే మీ ప్రాంతపు క్లబ్బులన్నిటికీ పెద్ద అయిన జిల్లా గవర్నర్‌కు నకలు పంపండి. క్లబ్ సొసైటీగా రిజిస్టరై ఉంటే 2001 నాటి సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లే హక్కు సభ్యులెవరికైనా ఉంది. కానీ ఒక సంవత్సరం పదవికోసం కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను, జూలై 1న కొత్త కార్యవర్గం వచ్చేస్తుంది, కేసు మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఈలోపు కంటి శిబిరం ఆగిపోతుంది.

దానికంటే, వచ్చే జనరల్ బాడీలో రహస్య ఓటు తీర్మానం పెట్టించండి. మీకు చెయ్యెత్తిన ఐదుగురితో ప్రతిపాదన మీద సంతకాలు చేయించండి. వచ్చే ఏడు మళ్లీ నిలబడండి, మీ బాకీదారులు నలుగురి చేత ఈ నెలలోనే చందా కట్టించి రసీదులు దగ్గర పెట్టుకోండి.