పదికి పది మ్యాచ్ అయ్యాక కూడా రిస్క్ ఎందుకు?

మీ అన్నయ్యకి ఏఎమ్ఎల్ (లుకేమియా అనే రక్త క్యాన్సర్లో ఒక రకం), మూలకణాల మార్పిడికి మీతో హెచ్‌ఎల్‌ఏ (తనవాడెవరో పరాయివాడెవరో శరీరం పోల్చుకునే గుర్తులు) పదికి పది కలిసింది, అయినా జీవీహెచ్‌డీ (ఎక్కించిన డోనర్ కణాలు రోగి శరీరం మీదే దాడి చేయడం) రావచ్చని డాక్టర్ ఎందుకంటున్నారు అని అడిగారు. ఆరేళ్ల కిందట ఇదే ప్రశ్న పట్టుకుని నేనూ తిరిగాను. మా తమ్ముడికి మూలకణాలు ఇచ్చిన డోనర్ని నేనే. డాక్టర్ని కాదు, అడిగి అడిగి తెలుసుకున్నది చెబుతున్నా.

మేం మొదట వెళ్లిన చోట కౌన్సెలర్ రిపోర్ట్ చూసి "ఫుల్ మ్యాచ్ అమ్మా, ఇక భయం లేదు" అన్నారు. ఇంటికొచ్చి స్వీట్లు కూడా పంచాం. ఆ పది అంటే ఐదు జన్యువులు, ఒక్కోదానికి రెండేసి కాపీలు, అంతే. అవన్నీ 6వ క్రోమోజోమ్ మీద ఒక చిన్న ముక్కలో ఉంటాయి కాబట్టి మూటకట్టినట్టు కలిసే వస్తాయి. అమ్మ దగ్గర రెండు మూటలు, నాన్న దగ్గర రెండు. అందుకే ఒక్కో తోబుట్టువుతో కలిసే అవకాశం నాలుగింట ఒకటి. మా చెల్లికి సగమే కలిసింది. అమ్మానాన్నలది మేనరికం కావడంతో అమ్మనీ టెస్ట్ చేశారు. అలాంటి ఇళ్లలో ఇద్దరి దగ్గరా ఒకే మూట ఉండి, కన్నవాళ్లే పూర్తిగా కలవడం జరుగుతుందట. మాకు కలవలేదు.

మిగతా జన్యువుల సంగతి వేరు. ఒక్క కడుపున పుట్టినా అవి మనలో తలో రకంగా పంచుకుని వస్తాయి. వాటినుంచి తయారయ్యే ప్రోటీన్ల ముక్కలు కణం పైన కనబడుతుంటాయి. డోనర్ టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) వాటిలో తేడా పసిగడితే పరాయివాడనుకుని దాడికి దిగుతాయి. జీవీహెచ్‌డీ అంటే అదే.

మీరు ఆడో మగో రాయలేదు, అది ముఖ్యం. నన్ను డాక్టర్ అడిగిన రెండో ప్రశ్న "కాన్పులెన్ని?" అని. తమ్ముడి జబ్బుకీ నా కాన్పులకీ ఏం సంబంధమో అర్థం కాలేదు. నాకిద్దరూ మగపిల్లలే. మగవాడి వై క్రోమోజోమ్ తయారుచేసే ప్రోటీన్లు ఆడవాళ్ల శరీరానికి కొత్త. మగబిడ్డను మోసినప్పుడు మన రోగనిరోధక కణాలు వాటిని గుర్తుపెట్టుకునే వీలుంది. అందుకే పిల్లలున్న స్త్రీ మగవాడికి ఇస్తే క్రానిక్ (దీర్ఘకాలం ఉండే) జీవీహెచ్‌డీ రిస్క్ కాస్త ఎక్కువ. మాకు ఇంకో డోనర్ లేడు, నేనే ఇచ్చాను.

ఇవ్వడం కష్టమేం కాదు. ఐదు రోజులు ఇంజెక్షన్లు, నడుం ఎముకల్లో పీకుతున్నట్టు నొప్పి, తరవాత రక్తంలోంచి మూలకణాలు వేరుచేసే మెషీన్ పక్కన నాలుగు గంటలు. పెదాలు తిమ్మిరెక్కితే కాల్షియం ఇచ్చారు. బ్యాగులో చేరింది చూస్తే టమాటా చారు రంగు.

నా కణాలు తమ్ముడి ఒంట్లో బాగానే పట్టాయి. నాది ఓ పాజిటివ్, వాడిది బీ. కొన్ని నెలలకు వాడూ ఓ అయ్యాడు. వాడి రక్తం పరీక్షిస్తే ఇప్పుడు ఎక్స్ఎక్స్ (ఆడవాళ్ల క్రోమోజోములు) అనే వస్తుంది, ఇంట్లో అదో పెద్ద జోకు. ఎనిమిదో నెలలో మాత్రం నోట్లో జీవీహెచ్‌డీ మొదలైంది. బుగ్గల లోపల తెల్లటి వలలాంటి గీతలు. పెరుగన్నంలో తాలింపు తగిలినా కళ్లవెంట నీళ్లే. స్టెరాయిడ్లతో తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. కళ్లు ఇంకా పొడిబారుతూనే ఉంటాయి, చుక్కల సీసా ఎప్పుడూ జేబులోనే.

నాదే తప్పేమో అనిపించి ఆ రోజుల్లో నిద్ర పట్టేది కాదు. అప్పుడు డాక్టర్ చెప్పిన మాట నాకు పనికొచ్చింది. అచ్చం ఒకేలా ఉండే కవలలు ఇస్తే జీవీహెచ్‌డీ దాదాపు ఉండదు, కానీ లుకేమియా తిరగబెట్టడం ఎక్కువ. మిగిలిపోయిన లుకేమియా కణాలను పట్టుకుని చంపేవి కూడా ఆ తేడా గుర్తుపట్టే టీ కణాలే. (థలసీమియా వారసత్వంగా వచ్చే రక్తహీనత, క్యాన్సర్ కాదు; దానికైతే ఆ అవసరం లేదు, అక్కడ జీవీహెచ్‌డీ వట్టి నష్టమే.)

కాబట్టి మీకు అబార్షన్ అయినా, పిల్లలున్నా, ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నా దాచకుండా చెప్పండి. ఇంకో తమ్ముడుంటే వాడికీ టెస్ట్ చేయించండి. ఇద్దరూ కలిస్తే ఎవరిని తీసుకుంటారో, ఎందుకో అడగండి. డిశ్చార్జయ్యాక నోరు మండినా, కళ్లు గరగరలాడినా తరవాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. మేం మూడు వారాలు వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించాం.