స్వాతంత్ర్యం తరువాత మన ప్రగతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఏటా ఆగస్టు 15 రాగానే మా ఇంట్లో ఒకే వాదన మొదలవుతుంది. మా మామగారు 1947 నాటి ఆకలినీ నిరక్షరాస్యతనూ గుర్తుచేసి దేశం ఎంతో ఎదిగిందంటారు. మా అబ్బాయి దక్షిణ కొరియాను చూపించి మనం చేసిందేమీ లేదంటాడు. ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి. ఎవరి మాట సరైనదంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మామగారి అంకెలు నిజమే. 1951 జనాభా లెక్కల్లో నూటికి 18 మంది అక్షరాస్యులుంటే, 2011 నాటికి 73 మంది అయ్యారు. అప్పట్లో 32 ఏళ్ల దగ్గరున్న సగటు ఆయుర్దాయం ఇప్పుడు 70 ఏళ్లకు చేరింది. అయితే అంత అట్టడుగున మొదలైన ఏ దేశానికైనా ఇలాంటి అంకెలు కొంతవరకు వాటంతట అవే సమకూరుతాయి. ఎంత ఎదిగామన్నది అటుంచి, ఏ రకం పనుల్లో ఎదిగామో చూస్తే మీ ఇంటి వాదన తేలుతుందని నా అభిప్రాయం. ఒకసారి గట్టిగా పూనుకుంటే పూర్తయ్యే పనుల్లో మన ప్రభుత్వ యంత్రాంగం బాగానే నెగ్గింది. ఎవరూ చూడకపోయినా ప్రతిరోజూ చేస్తూ పోవలసిన పనుల్లో వెనుకబడింది.

మొదటి రకానికి 1951–52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలే ఉదాహరణ. సుమారు 17 కోట్ల ఓటర్లలో అత్యధికులకు చదవడం రాదు. అందువల్ల ప్రతి అభ్యర్థికీ విడిగా ఒక పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించి, ఓటరు తనకిచ్చిన కాగితాన్ని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసేలా ఏర్పాటు చేశారు. ఓటర్ల జాబితా దగ్గర మరో చిక్కు వచ్చింది. చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడక ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని మాత్రమే రాయించారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టడంతో సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఆ ఎన్నికల్లో ఓటుకు దూరమయ్యారు. ఆ ఏటికది కఠినమైన నిర్ణయమే గాని, తరువాతి జాబితాల్లో స్త్రీలు సొంత పేర్లతో చేరడానికి అదే దారి తీసింది. 1995లో మొదలైన పల్స్ పోలియోదీ ఇదే తీరు. చుక్కల మందు పడిన బిడ్డ చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టి, చూసి వచ్చిన ప్రతి ఇంటిమీదా సుద్దముక్కతో గుర్తు వేస్తూ తిరిగిన కార్యకర్తల శ్రమ ఫలితంగా, 2011 జనవరిలో హౌరా జిల్లాలో బయటపడిన కేసే దేశంలో చివరిదైంది.

తిండిగింజల విషయం ఈ రెండు రకాల పనుల మధ్య నిలుస్తుంది. 1965, 1966 కరువుల్లో అమెరికా గోధుమల ఓడలకోసం ఎదురుచూసిన దేశమిది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో 1967లో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపిన ఐ.ఆర్.8 వరి వంటి అధిక దిగుబడి వంగడాలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. 1950–51లో 5 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి ఇటీవలి ఏళ్లలో 30 కోట్ల టన్నులు దాటింది. గిడ్డంగులు నిండాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 35 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. బిడ్డ ఎదుగుదలకు బియ్యం ఒక్కటే చాలదు. శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, గర్భిణికి తగిన పోషణ, రోజూ వేళకు తెరిచే అంగన్‌వాడీ కూడా కావాలి.

చదువులో మన ఆలస్యాన్ని తేదీలతో సహా చూపవచ్చు. పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో, అంటే 1960 నాటికి, ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఇప్పుడు పిల్లలు దాదాపు అందరూ బడిలో చేరుతున్నారు గాని, గ్రామాల్లో అయిదో తరగతి చదువుతున్నవారిలో ఇంచుమించు సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రావడం లేదని పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలు చెబుతున్నాయి. మీ అబ్బాయి చూపే పోలికకు ఇక్కడ బలముంది: భారీ పరిశ్రమల కంటే ముందే కొరియా ప్రాథమిక విద్యను పిల్లలందరికీ అందించింది. కాకపోతే, దేశాధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కును అక్కడి ప్రజలు మళ్లీ సంపాదించుకున్నది 1987లోనేనని అతనికి చెప్పండి.

ప్రశ్న: దేశ ప్రగతి గురించి ఎవరు రాసినా 2011 నాటి అంకెలే చూపుతున్నారు. అంతకంటే కొత్తవి లేవా?
– ఒక పాఠకుడు

జవాబు: నమూనా సర్వేలున్నాయి గాని, గ్రామం, వార్డు స్థాయి దాకా చెప్పగలిగినవి జనాభా లెక్కలు మాత్రమే. 1881 నుంచి పదేళ్లకొకసారి తప్పకుండా జరిగిన ఆ లెక్కలు ప్రపంచయుద్ధం నడుస్తున్న 1941లో సైతం ఆగలేదు. కోవిడ్ పేరుతో వాయిదాపడిన 2021 లెక్కలు, ఆ మహమ్మారి సద్దుమణిగాక కూడా ఏళ్లతరబడి మొదలు కాకపోవడానికి సరైన కారణం నాకు కనిపించదు. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. ఈ జాప్యంవల్ల నష్టం వ్యాసాలు రాసేవారికి పరిమితం కాలేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎందరికి రేషన్ అందాలన్న పరిమితిని 2011 జనాభానుబట్టే నిర్ణయించారు కాబట్టి, ఆ తరువాత పెరిగిన జనానికి ఆ పరిమితిలో చోటు లేదు.