డాక్టర్ సలహా: జుట్టు పెంచుతుంటే ఊడిపోతోంది, గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది హనుమకొండ, ఉద్యోగం కాజీపేటలో, రోజూ బండి మీదే వెళ్లొస్తాను. ఏడాదిన్నర నుంచి జుట్టు పెంచుతున్నాను, ఇప్పుడు భుజాల దాకా వచ్చింది. రెండు నెలలుగా విపరీతంగా ఊడుతోంది. స్నానం చేస్తే బాత్రూం జాలీకి ముద్దలు ముద్దలుగా చుట్టుకుంటోంది. చుండ్రు కూడా ఉంది. రోజూ రాత్రి కొబ్బరినూనె, వారానికి రెండుసార్లు ఉల్లిపాయ రసం పెడుతున్నాను, బయోటిన్ గోలీలు వేసుకుంటున్నాను. సాయంత్రం ముడి విప్పితే కణతల దగ్గర నొప్పిగా ఉంటుంది, అక్కడ చిన్న చిన్న కురుపులు కూడా వచ్చాయి. నాన్నకు బట్టతల. వేములవాడలో గుండు చేయించుకుంటే మళ్లీ ఒత్తుగా వస్తుందని అమ్మ అంటోంది. నాకూ బట్టతల వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. వినాయక చవితి తర్వాత డెంగ్యూ వచ్చింది కానీ అది పూర్తిగా తగ్గిపోయింది.

జవాబు: అన్నీ వివరంగా రాసి, అసలు ముఖ్యమైన సంగతిని చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు తమ్ముడూ. డెంగ్యూ. జ్వరం తగ్గిపోయింది నిజమే, కానీ దాని లెక్క జుట్టు దగ్గర ఇప్పుడు తేలుతోంది.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం పెరిగే దశలో, కొన్ని విశ్రాంతి దశలో ఉంటాయి. పెరిగే దశ రెండు నుంచి ఆరేళ్ల దాకా నడుస్తుంది, విశ్రాంతి దశ మూడు నెలలు, ఆ తర్వాత పాత వెంట్రుక రాలిపోయి అదే కుదురులోంచి కొత్తది వస్తుంది. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చినప్పుడు ఒంటికి ప్రాణం కాపాడుకోవడమే ముఖ్యం, జుట్టు కాదు. అందుకని పెరగాల్సిన వెంట్రుకలు చాలా వరకు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి అప్పుడే రాలవు, రెండు మూడు నెలలు ఆగి అన్నీ కలిసి రాలతాయి. అందుకే చాలామందికి జ్వరానికీ జుట్టు ఊడటానికీ సంబంధం ఉందనే తోచదు, షాంపూ మార్చినందుకో, నీళ్లు మారినందుకో అనుకుంటారు. మీకు చవితి తర్వాత జ్వరం, రెండు నెలలుగా ఊడటం అంటే లెక్క సరిగ్గా సరిపోతోంది. కుదురు చావలేదు కాబట్టి ఇది మామూలుగా ఆరు నెలల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. పాపిడి దగ్గర, నుదుటి అంచున కురచగా, మొన సన్నగా ఉన్న కొత్త వెంట్రుకలు లేచి నిలబడుతుంటే వెనక్కి వస్తున్నట్టే.

ఇంకో మాట. జుట్టు పెంచే మగవాళ్లందరూ ఒకసారి భయపడేది ఈ జాలీ దగ్గరే. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. క్రాఫు ఉన్నప్పుడు అవి కంటికి కనిపించకుండా దిండు మీదో, బనీను మీదో, సెలూన్ నేల మీదో పోయేవి. ఇప్పుడు ఒక్కోటి జానెడు పైగా పొడవుంది, పది కలిస్తే ముద్ద. రెండ్రోజులకోసారి తలస్నానం చేస్తే రెండ్రోజులవి కలిసి ఒకేసారి కనిపిస్తాయి. ఆడవాళ్లు దువ్వెనకు వచ్చినదాన్ని చుట్ట చుట్టి పక్కన పడేసి తమ పని తాము చూసుకుంటారు, వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. మీకు కొత్త, అంతే తేడా.

ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. రాలిన వాటిలో నాలుగైదు తీసుకుని నల్లటి బట్ట మీద పెట్టి, వెలుతురులో రెండు చివరలూ చూడండి. ఒక కొసన తెల్లగా చిన్న బుడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చింది, జ్వరం తాలూకు రాలడం ఇలాగే ఉంటుంది. బుడిపె లేకుండా, పొట్టిగా, కొస చీలి ఉంటే అది రాలింది కాదు, మధ్యలో తెగింది. తెగడానికి కారణం తల లోపల కాదు, మీ దువ్వెన, తువ్వాలు, రబ్బర్ బ్యాండు. తడి జుట్టు సాగుతుంది, సాగి తెగుతుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి, కాస్త ఆరాక పళ్లు వెడల్పున్న దువ్వెనతో కింది చివర నుంచి చిక్కు విప్పుకుంటూ పైకి వెళ్లండి. మగవాళ్లు దాదాపు అందరూ పైనుంచి కిందికి ఒక్క లాగు లాగుతారు, క్రాఫు రోజుల అలవాటు.

ఇక మీరు కంగారు పడాల్సిన చోట పడలేదు. కణతల దగ్గర నొప్పి, కురుపులు అన్నారే, నాకు పట్టింపు అక్కడ. గట్టిగా వెనక్కి లాగి ముడి వేసే వాళ్లలో ఆ లాగుడుకే నుదుటి అంచున, కణతల పక్కన, చెవుల పైన జుట్టు పల్చబడుతుంది. దీన్ని వైద్యంలో ట్రాక్షన్ అలోపీసియా అంటారు. బిగుతుగా జడలు వేసే ఆడపిల్లల్లో, జుట్టును బిగించి సిగ కట్టుకునే సిక్కు యువకుల్లో డాక్టర్లు దీన్ని ఎప్పటి నుంచో చూస్తున్నారు. మొదట్లో వచ్చే గుర్తులే మీరు రాసినవి: ముడి విప్పగానే నొప్పి, అంచున ఎర్రటి చిన్న కురుపులు. ఈ దశలో లాగుడు ఆపేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కుదురు ఉన్నచోట మచ్చ కట్టి చర్మం నున్నగా అయిపోతుంది, అప్పుడు ఏ మందూ పనిచేయదు. డెంగ్యూ వల్ల ఊడింది తిరిగొస్తుంది, దీనివల్ల పోయింది రాకపోవచ్చు. అందుకే జాలీ వైపు చూడటం కాస్త తగ్గించి అద్దంలో కణతల వైపు చూడండి.

ముడి మానేయమని చెప్పను, 43 డిగ్రీల ఎండలో వరంగల్‌లో భుజాల మీద జుట్టు విరబోసుకుని తిరగమనడం అన్యాయం. కానీ ఉత్త రబ్బర్ బ్యాండు వాడొద్దు, గుడ్డ తొడుగున్నది తీసుకోండి, ఆడవాళ్ల ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి, అడగడానికి సిగ్గెందుకు. వేసుకున్నాక కనుబొమలు పైకి ఎత్తితే నుదురు లాగినట్టుంటే అది బిగుతే, వదులు చేయండి. ఒకరోజు నడినెత్తిన, ఒకరోజు మెడ దగ్గర, ఇంట్లో అసలు లేకుండా, ఇలా చోటు మారుస్తుండండి. తడి మీద ముడి వేయొద్దు. రాత్రి ముడితో పడుకోవద్దు. కురుపులు తగ్గేదాకా రెండు మూడు వారాలు అసలు కట్టకుంటే ఇంకా మంచిది. ఆ కురుపుల మీద మెడికల్ షాపులో ఇచ్చే స్టిరాయిడ్ కలిపిన క్రీములు మాత్రం రాయకండి, మొదట తగ్గినట్టే ఉండి తర్వాత ముదురుతాయి.

హెల్మెట్ సంగతి. హెల్మెట్ వల్ల బట్టతల రాదు, ఆ వంకతో ఎవరూ తీసి పక్కన పెట్టొద్దు. అయితే నడినెత్తిన ముడి పెట్టుకుని దాని మీద హెల్మెట్ పెడితే అది తలకు సరిగ్గా కూర్చోదు, పైకి లేచి ఉంటుంది, పడితే తల కాపాడదు. బండెక్కేముందు ముడి మెడ దగ్గరికి దించండి. లోపల పల్చటి కాటన్ కర్చీఫ్ కట్టుకోండి, దాన్ని రోజూ ఉతకండి. పొద్దున తలస్నానం చేసి తడి ఆరకుండానే హెల్మెట్ పెట్టి కాజీపేట దాకా పోతే లోపల ఉక్కకు చుండ్రు పెరుగుతుంది, కాబట్టి తలస్నానం సాయంత్రానికి మార్చుకోండి.

చుండ్రు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే సగం మీ నూనెతోనే వస్తోంది. చుండ్రుకు కారణమయ్యే ఫంగస్ మాడు మీది జిడ్డు తిని బతుకుతుంది, మీరు రోజూ రాత్రి దానికి భోజనం పెడుతున్నారు. కొబ్బరినూనె మంచిదే, వెంట్రుక దెబ్బ తినకుండా కాపాడుతుంది, కానీ దాని పని వెంట్రుక మీద, కుదురు మీద కాదు. తలస్నానానికి గంట ముందు మధ్య నుంచి చివర్ల దాకా రాసి కడిగేయండి, మాడుకు పట్టించొద్దు. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. మాడుకు పట్టించి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, రాసిన మరుక్షణం కడిగేస్తే డబ్బులు దండగ. ఉల్లిపాయ రసం మానేయండి. అది పేనుకొరుకుడు (అక్కడక్కడ గుండ్రంగా జుట్టు ఊడే జబ్బు) మీద పనిచేస్తుందేమోనని ఒక చిన్న పరిశోధన జరిగిన మాట నిజమే, మీది పేనుకొరుకుడు కాదు. కురుపులున్న చోట ఉల్లి రసం పోస్తే మంట తప్ప మిగిలేదేం లేదు, ఆఫీసులో పక్కవాళ్ల బాధ వేరే.

ఒంటి సబ్బుతో తల రుద్దే అలవాటుంటే ఇవాళే ఆపండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బుతో కలిస్తే తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకకు అంటుకుంటుంది, అందుకే గడ్డిలా గరుకైపోయి చిక్కు పడుతుంది. బోరు నీళ్లు కుదుళ్లను చంపవు, జుట్టును మొరటు చేస్తాయి, అంతవరకే. చివర రెండు మగ్గులు నల్లా నీళ్లు పోసుకోండి, షాంపూ తర్వాత చివర్లకు కాస్త కండిషనర్ రాయండి. కుంకుడుకాయ అలవాటుంటే వాడుకోవచ్చు, కానీ బాగా వడకట్టి, కంట్లో పడకుండా.

ఇప్పుడు మీ అసలు భయం, నాన్నగారి బట్టతల. తండ్రికి ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం ఎక్కువే, తల్లి వైపు నుంచి కూడా రావచ్చు. కానీ అది వచ్చే తీరు వేరు. డెంగ్యూ తర్వాత రాలేది తల మొత్తం సమంగా రాలుతుంది. వంశపారంపర్యంగా వచ్చేది జాలీలో ముద్దలుగా కనిపించదు, వెంట్రుకలు ఏడాదికేడాది సన్నబడుతూ నుదుటి మూలలు వెనక్కి జరుగుతాయి, నడినెత్తిన మాడు కనిపిస్తుంది. పొడవు జుట్టుతో చిక్కేమిటంటే, వెనక్కి దువ్వి ముడేస్తే ముందు పల్చబడింది ఏళ్ల తరబడి కనబడదు, తీరా చూసుకునేసరికి ఆలస్యమవుతుంది. నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో నుదురు, నడినెత్తి ఫోటో తీసి పెట్టుకోండి, అద్దం కంటే అదే నయం. నిజంగా అదే అని తేలితే తలకు రాసే మందు, 5 శాతం మినాక్సిడిల్ ఉంది. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలొచ్చు, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆపేస్తే వచ్చింది మళ్లీ పోతుంది. అంటే అది కొన్ని నెలల మందు కాదు, కొన్నేళ్ల ఒప్పందం. ఫినాస్టెరైడ్ గోలీ లైంగిక సమస్యలు తెచ్చే అవకాశం ఉన్న మందు, స్నేహితుడు చెప్పాడని కొనుక్కోవద్దు. డెంగ్యూ రాలడం ఇంకా నడుస్తుండగా ఇవేవీ తొందరపడి మొదలుపెట్టొద్దు.

గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా రాదు. కత్తి నడిచేది చర్మం పైన, కుదురు ఉండేది లోపల. కొత్తగా వచ్చే వెంట్రుకల కొసలు మొద్దుగా ఉండి చేతికి ఒత్తుగా తగులుతాయి, పెరిగాక మామూలే. కణతల దగ్గర మాత్రం లాగుడు ఆగుతుంది కాబట్టి కొంత మేలే, అది ముడి వదులు చేసినా జరుగుతుంది. అమ్మ రాజన్నకు మొక్కుకుని ఉంటే అది వేరే లెక్క, మొక్కు తీర్చుకోండి, నెలకు సెంటీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది, భుజాలకు రావడానికి మళ్లీ రెండేళ్లు పడుతుందని ముందే తెలుసుకుని వెళ్లండి. మొక్కు లేకపోతే వైద్యంగా గుండు అక్కర్లేదు. ‘ఆడపిల్ల లెక్క ఏంది ఆ ఎంటికెలు’ అనే మాటకు నా దగ్గర మందు లేదు. మన తాతల తరంలో ఊళ్లలో మగవాళ్లకు జులపాలూ సిగలూ ఉండేవని గుర్తు చేస్తే ఇంట్లో కాస్త తగ్గుతారేమో చూడండి.

బయోటిన్ ఆపేయండి. మామూలు తిండి తినే మనిషికి దాని లోటు చాలా అరుదు. పైగా అది ఒంట్లో ఉండగా థైరాయిడ్ లాంటి రక్తపరీక్షలు తప్పుగా రావచ్చు, గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ కూడా. దానికి పెట్టే డబ్బుతో రోజూ రెండు గుడ్లు, పప్పు, పల్లీలు తినండి. డెంగ్యూ తర్వాత నెలా రెండు నెలలు సరిగ్గా తినని వాళ్లకు జుట్టు ఇంకా ఆలస్యంగా తేరుకుంటుంది. పరీక్షల్లో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ చాలు. మగవాడికి ఐరన్ తక్కువని వస్తే గోలీలతో సరిపెట్టుకోవద్దు, మొలల వల్లో, కడుపులో పుండు వల్లో, నులిపురుగుల వల్లో, రక్తం ఎక్కడ పోతోందో చూపించుకోవాలి.

మూడు నెలలైనా రాలడం తగ్గకపోయినా, ఎక్కడైనా గుండ్రంగా మచ్చలా ఊడినా, కణతల దగ్గర చర్మం నున్నగా మెరుస్తున్నట్టు అనిపించినా, చీము పట్టినా చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ప్రైవేటే అక్కర్లేదు, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లే ముందురోజు తలస్నానం చేయండి. నూనె రాసుకుని, ముడేసుకుని వచ్చి కూర్చుంటారు చాలామంది, అప్పుడు మాడు ఏం కనబడుతుంది? జ్వరం అప్పటి ప్లేట్‌లెట్ రిపోర్టులు ఉంటే అవీ పట్టుకెళ్లండి.