పెయిర్ అని ఇచ్చారు, పాటా లేదు పిల్లలూ లేవు: కెనరీల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కెనరీలవే, అంటే పాట కోసం ఇంట్లో కేజ్‌లో పెంచుకునే ఆ చిన్న పిట్టలవే ఎక్కువ, అందులోనూ అందరిదీ ఒకటే గోల, మేలా ఫిమేలా అని. అందుకే మిగతా పిట్టల సంగతి వచ్చే సంచికకి పక్కనపెట్టి ఇవన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: పెట్ షాపులో బ్రీడింగ్ పెయిర్ అని రెండు పసుపు కెనరీలు ఇచ్చారు. ఫిబ్రవరిలో గూట్లో ఏడు గుడ్లు కనిపించాయి, రెండూ పక్కపక్కనే కూర్చుని పొదిగాయి, ఇరవై రోజులు దాటినా ఒక్క పిల్ల రాలేదు. ఫుడ్ మార్చాలా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: ఫుడ్ దాకా వెళ్లకండి మేడమ్, ముందు ఆ ఏడు సంగతి చూడండి. ఆడ కెనరీ ఒక విడతకి మామూలుగా మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది, రోజుకొకటి చొప్పున. ఒకే గూట్లో ఏడు ఉన్నాయి, పైగా రెండూ పొదుగుతున్నాయి అంటే మీ ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లాం కాదు, తోడికోడళ్లు అనుకోండి. కెనరీల్లో పొదిగే పని ఆడదానిదే, మగది పక్కన కూర్చుని పాడుతూ మధ్యమధ్యలో వచ్చి దాని నోట్లో తిండి పెట్టి పోతుంది. మగది లేకపోయినా ఆడది గుడ్లు పెట్టేస్తుంది, కాకపోతే వాటిలోంచి పిల్లలు రావు అంతే.

పిల్లలు రావడానికి 13, 14 రోజులు చాలు. ఈసారి పెట్టినప్పుడు ఓ ఆరేడు రోజులు పొదగనిచ్చి రాత్రి పూట గుడ్డు కింద చిన్న టార్చ్ వేసి చూడండి, సన్నటి ఎర్రటి నరాలు అల్లుకుని కనిపిస్తే లోపల పిల్ల ఉన్నట్టు, మొత్తం పసుపుగా ఖాళీగా వెలిగితే లేనట్టు. ఖాళీ అని తెలిసినా వెంటనే తీసిపారేయొద్దు, తీసేస్తే అది వెంటనే ఇంకో విడత మొదలుపెడుతుంది, ఒంట్లో కాల్షియం మొత్తం పెంకులకే పోతుంది. విసుగొచ్చి అదే లేచి వెళ్లిపోయేదాకా ఉంచండి, కేజ్‌లో కటిల్ బోన్ (కాల్షియం కోసం పిట్టలు ముక్కుతో గీరుకు తినే తెల్లటి ముక్క) ఎప్పుడూ ఉండాలి.

ఇంకోటి, మీరు ఇంత పెద్ద ఉత్తరంలో పాట గురించి ఒక్క ముక్క రాయలేదు. మగది ఉన్న ఇంట్లో ఫిబ్రవరిలో ఆ ఊసెత్తకుండా ఉత్తరం పూర్తి చేయడం కష్టమండీ, చెవులు చిల్లులు పడతాయి.

ప్రశ్న: లవ్ బర్డ్స్‌కి ముక్కు పైన రంగు చూసి చెప్పేస్తాం కదా, కెనరీకి అలాంటి గుర్తు లేదా? మా దగ్గర ఉన్నవి తెల్లవి, ఎర్రవి. (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చెప్పేది బడ్జీల సంగతి, వాటిలో పెద్దయ్యాక చాలా రంగుల్లో మగదానికి ముక్కు పైన నీలం, ఆడదానికి గోధుమ రంగు వస్తుంది. కెనరీకి అలాంటిదేం లేదు. తల పెద్దదైతే మగది, రంగు ముదురైతే మగది అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, నేనైతే ఆ మాట మీద రూపాయి కూడా పెట్టను, ఎర్ర కెనరీ ఎంత ఎర్రగా ఉంటుందన్నది సగం దానికి పెట్టే కలర్ ఫుడ్, అంటే ఈకల రంగు పెంచే తిండి మీదే ఆధారపడుతుంది.

ఒక్క మొజాయిక్ రకం మాత్రం వేరు. ఒళ్లంతా తెలుపు, అక్కడక్కడే రంగు ఉంటుంది చూడండి, అది. మగదానికి ముక్కు చుట్టూ మొహం నిండా మాస్క్ వేసినట్టు ఎరుపు, ఆడదానికి కంటి దగ్గర సన్న గీత మాత్రమే. వెనిజులాలో ఉండే రెడ్ సిస్కిన్ అనే పిట్టతో కలపడం వల్ల కెనరీల్లోకి వచ్చిన తేడా ఇది, బీసీఓ2 అనే జీన్ దీనికి కారణమని 2020లో తేల్చారు. మీ ఎర్రవి మొజాయిక్ అయితే మొహం చూసి చెప్పేయొచ్చు, మిగతావాటికి మాత్రం కింద చెప్పేవే దారి.

ప్రశ్న: షాపతను పిట్టని వెల్లకిలా పట్టుకుని పొట్ట మీద ఉఫ్ అని ఊది "పక్కా మేల్ సార్" అన్నాడు. నిజంగా అలా తెలుస్తుందా, లేక మనల్ని ఆడిస్తున్నారా? (హైదరాబాద్)

జవాబు: తెలుస్తుంది, కానీ గుడ్లు పెట్టే సీజన్‌లోనే. ఊదితే పొట్ట కింద ఈకలు విడిపోయి రెట్ట వేసే చోటు బయటపడుతుంది. బ్రీడింగ్ కండిషన్‌లో ఉన్న మగదానికి అక్కడ చిన్న బొడిపె పొట్ట మీద నిటారుగా పైకి పొడుచుకుని నిలబడుతుంది, ఆడదానికి కూడా కొంచెం ఉబ్బుతుంది గానీ అది పొట్టతో పాటే సాగి తోక వైపు వాలి ఉంటుంది. రెంటినీ పక్కపక్కన చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది, ఒక్కదాన్నే చూస్తే చేయి తిరిగినవాళ్లు కూడా తడబడతారు. సీజన్ కాని టైమ్‌లో, లేదా ఏడాది నిండని పిట్ట పొట్ట ఊది "పక్కా" అన్నాడంటే అది అతని ధైర్యం అంతే.

మీరూ ఇంట్లో ట్రై చేయాలనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, ఛాతీ మీద వేళ్లు బిగించకూడదు. పిట్టలకి మనలాగా డయాఫ్రమ్ ఉండదు, ఛాతీ ఎముక కదిలితేనే ఊపిరి, అది నొక్కితే అరచేతిలోనే ప్రాణం పోతుంది. మెడ రెండు వేళ్ల మధ్య వదులుగా, వీపు అరచేతిలో, పది సెకన్లలో చూసి వదిలేయాలి.

పాట విని కొనడమే బెస్ట్, అందులోనూ షాపులో నిలబడి వినండి. మగది పాడేటప్పుడు నిటారుగా నిలబడి గొంతు కింద ఈకలు ఉబ్బించి స్వరం తెగకుండా లాగుతుంది, కొన్ని ముక్కలైతే సెకనుకి పదిహేనుకి పైగా సార్లు తిప్పేస్తుంది. ఆడది చిప్ చిప్ అంటుంది, కొన్ని కాస్త కూనిరాగం తీస్తాయి గానీ ముక్కలు ముక్కలుగా, గొంతు అలా ఉబ్బదు. ఆడదానికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇస్తే మగదానిలా పాట ఎత్తుకుంటుందని అమెరికాలో ఫెర్నాండో నాటెబోమ్ అనే సైంటిస్టు 1980లో చూపించాడు, షాపులో పాడేది అలా పాడించిన ఆడదేమో అన్న అనుమానం ఉండకూడదు కదా, అందుకని ఒక్కరోజు విని కాకుండా, కుదిరితే రెండు వారాల గ్యాప్‌లో మళ్లీ వెళ్లి వినండి.

ప్రశ్న: ఏడాదంతా పాడిన పిట్ట జులైలో నోరు మూసేసింది. మా బావగారు "అది ఫిమేల్, నిన్ను మోసం చేశారు" అంటున్నారు. (గుంటూరు)

జవాబు: ఏడాదంతా పాడింది అని మీరే అంటున్నారు, ఇంకా బావగారి మాట ఎందుకు? కేజ్ అడుగున ఈకలు పడుంటాయి చూడండి. ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే టైమ్‌లో మగ కెనరీలు ఆరేడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, పాట ఆపేస్తాయి. పాట నడిపే మెదడు భాగాలు కూడా వసంతంలో పెరిగి తర్వాత తగ్గుతాయని ఆ నాటెబోమే 1981లో రాశాడు. పిట్ట హాల్లో ఉండి రాత్రి పదకొండు దాకా టీవీ, ట్యూబ్‌లైటు వెలుగుతుంటే మాత్రం దాని లెక్క తప్పి ఈకలు రాలడం అయిపోకుండా సాగుతూ ఉంటుంది, సాయంత్రం చీకటి పడగానే కేజ్ మీద గుడ్డ కప్పండి, గుడ్డు ముద్ద కాస్త పెట్టండి. ఈకలు రాలకుండా, ఉబ్బి కూర్చుని, ఊపిరి తీస్తే తోక ఊగుతుంటే అది వేరే సంగతి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఇంట్లోనే మూడు పిల్లలయ్యాయి. ఎప్పటికి తెలుస్తుంది? (వరంగల్)

జవాబు: రెండు మూడు నెలల వయసులో మగపిల్లలు గొంతు ఉబ్బించి లోపల్లోపల గొణుగుతుంటాయి, కళ్లు సగం మూసుకుని, పక్కన ఎవరున్నారో పట్టించుకోకుండా. అలా గొణిగేదాని కాలికి రంగు రింగ్ వేసి ఉంచండి, మర్చిపోతారు. ఆడపిల్లలు కూడా చిన్నప్పుడు కొంచెం గొణుగుతాయి కాబట్టి అప్పుడే ఎవరికీ మాటివ్వకండి, ఆరేడు నెలలకి పాట కుదురుకుంటుంది.

తొందరగా కావాలంటే డీఎన్‌ఏ టెస్ట్. మనుషుల్లో మగవాళ్లకి ఎక్స్ వై క్రోమోజోమ్‌లు ఉన్నట్టు పిట్టల్లో ఆడదానికి జెడ్ డబ్ల్యూ ఉంటుంది, మగదానికి రెండూ జెడ్‌లే, ల్యాబ్‌లో చూసేది అదే. కింద రాలిన ఈక పనికిరాకపోవచ్చు, ఛాతీ దగ్గర నాలుగైదు చిన్న ఈకలు మొదలుతో సహా పీకి పంపాలి, పిల్లకి ఒక కవర్ చొప్పున, కవర్ మీద రింగ్ నంబర్ రాసి.

ప్రశ్న: రెండు మేల్స్ కలిపి ఒకే కేజ్‌లో పెడితే డబుల్ పాట వస్తుందా? (పేరు రాయలేదు)

జవాబు: రాదు, కొట్లాట వస్తుంది. విడివిడి కేజ్‌లలో ఒకదానికొకటి కనపడకుండా, వినపడేలా పెట్టండి, అప్పుడు పోటీపడి పాడతాయి.