మెడకు కరెంటు పెట్టాక థైరాయిడ్ మందగిస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. స్వరపేటిక క్యాన్సర్‌కి ఇక్కడే చెన్నైలో 35 సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. అయిపోయి ఏడాదిన్నర. జబ్బు లేదన్నారు కానీ మనిషి మనిషిలా లేరు. ఎప్పుడూ నిద్రమత్తు, మలబద్ధకం. మే నెల ఉక్కలో కూడా ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పుకుంటున్నారు. గొంతు మళ్లీ బొంగురుపోయింది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్) 28 వచ్చిందని 25 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాశారు. మా పక్కింటావిడ 100 వేసుకుంటుంది. ఈయనకి ఇంత తక్కువ ఎందుకు? మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: తక్కువ మోతాదుకు కారణం మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. గుండె జబ్బు లేనివారికి పూర్తి మోతాదు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 100కు దగ్గరగా. స్టెంట్ ఉన్నవారికి ఒక్కసారిగా అంత ఇస్తే గుండె వేగం, దాని ఆక్సిజన్ అవసరం పెరిగి ఛాతీనొప్పి రావచ్చు. అందుకే 12.5తోనో 25తోనో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పరీక్ష చేసి, కొంచెం కొంచెంగా పెంచుతారు. పది రోజులకే ‘ఏమీ తేడా లేదు’ అని మాత్ర మానేయకండి, మీరే పెంచకండి. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే వారం పడుతుంది. టీఎస్‌హెచ్ కుదుటపడడానికి వారాలు కావాలి. దడ, ఛాతీలో బిగువు, ఆయాసం వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి.

ఇలా ఎందుకైందంటే, థైరాయిడ్ గ్రంథి స్వరపేటికకు కాస్త కిందే, శ్వాసనాళానికి ముందు ఉంటుంది. గొంతు క్యాన్సర్‌కు, మెడలోని లింఫు గడ్డలకు 60 నుంచి 70 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) దాకా ఇచ్చే రేడియేషన్‌లో దానికీ వాటా పడుతుంది. సగటున 45 గ్రేలు దాటితే అది దెబ్బతినే అవకాశం బాగా ఎక్కువ. గ్రంథిలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి, హార్మోన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి, చుట్టూ పీచుకణజాలం బిగుస్తుంది. ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి చాలామందిలో మొదటి రెండు మూడేళ్లలో బయటపడుతుంది. అయిదారేళ్ల తర్వాత కూడా రావచ్చు. ఆపరేషన్‌లో గ్రంథిలో సగం తీసేసి, ఆపైన కరెంటు పెట్టినవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

మెడకు రేడియేషన్ పడిన ప్రతి ఒక్కరికీ, ఏ బాధా లేకపోయినా, ఆరు నెలల నుంచి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూడాలి. చెకప్‌లో గొంతు చూసి, మెడ తడిమి పంపేస్తే మీరే అడగండి. ‘ట్రీట్‌మెంట్ నీరసంలే’ అనుకుని నెలలు గడిపేసేవారు చాలామంది. ఆ నీరసానికి రోజుకో మాత్రతో తగ్గే కారణం కూడా ఉండవచ్చు.

ఒక్క జాగ్రత్త. థైరాయిడ్ తగ్గితే గొంతు బొంగురుపోతుంది, నిజమే. కానీ స్వరపేటిక క్యాన్సర్ వచ్చిన మనిషిలో ఆ నెపం థైరాయిడ్ మీద వేసి ఊరుకోకూడదు. ఈ నెలలోనే ఎండోస్కోపీతో గొంతు చూపించండి.

ప్రశ్న: నాన్నగారికి నాలుక మొదట్లో క్యాన్సర్. మింగలేక పొట్టకు వేసిన ట్యూబుతోనే ఆహారం. థైరాయిడ్ మాత్ర 75 ఇస్తున్నా మూడు నెలలుగా టీఎస్‌హెచ్ 15 కిందకు రావడం లేదు. పొద్దున పాలల్లో కలిపి, కాల్షియం, ఐరన్‌తో పాటే పోస్తున్నాం.
– ఆవడి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మోతాదు పెంచే ముందు పోసే పద్ధతి మార్చండి. పాలు, కాల్షియం, ఐరన్, సోయా ఉన్న ప్రోటీన్ పొడులు, అసిడిటీకి తాగే జెల్ మందులు, ఇవన్నీ థైరాక్సిన్‌ను (థైరాయిడ్ మాత్రలోని మందును) పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. దానికి తోడు, నీళ్లతో కడగకపోతే మందు ట్యూబు గోడలకే అంటుకుపోతుంది.

పరగడుపున, ఫీడ్ ఆపి గంట గడిచాక, మాత్రను రెండు స్టీలు చెంచాల మధ్య మెత్తగా నలిపి 10 మిల్లీలీటర్ల మంచినీళ్లలో కలపండి. అప్పటికప్పుడు సిరంజితో పోసేయాలి. రాత్రే కలిపి ఉంచడం పనికిరాదు. గిన్నెలో, సిరంజిలో మిగిలిన పొడిని మరో 10 మిల్లీలీటర్లతో తొలిచి అదీ పోయండి. తర్వాత 20 నుంచి 30 మిల్లీలీటర్ల నీళ్లతో ట్యూబు కడగండి. గంట ఆగాక జావ, పాలు. కాల్షియం, ఐరన్ కనీసం నాలుగు గంటల తర్వాత. ఈ పద్ధతిలో ఆరు వారాలు ఇచ్చి మళ్లీ పరీక్ష చేయించండి. అప్పుడే 75 చాలడం లేదో, అందడం లేదో తేలుతుంది.

నోటితో వేసుకోగలిగినవారికీ ఇదే లెక్క. నోరు ఎండిపోయి ఉంటుంది కాబట్టి గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. ఫిల్టర్ కాఫీ మనవాళ్లకు ప్రాణమే, కానీ అదీ గంట తర్వాతే. మాత్రలను సీసాలోనే, మూత బిగించి, వంటింటికి దూరంగా పెట్టండి. చెన్నై తేమలో డబ్బాల్లోకి మార్చిన మాత్రల బలం తగ్గుతుంది.

ప్రశ్న: చెల్లెలికి 34 ఏళ్లు. ముక్కు వెనక భాగంలో క్యాన్సర్‌కి రేడియేషన్ అయి నాలుగేళ్లు. టీఎస్‌హెచ్ 2.1, నార్మల్ అన్నారు. కానీ విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, నెలసరి ఆగిపోయింది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు (వైద్యం చెన్నైలో)

జవాబు: ఆ 2.1ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. అక్కడ ఇచ్చే రేడియేషన్ పుర్రె అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథికీ తగులుతుంది. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ. అది దెబ్బతింటే థైరాయిడ్ హార్మోన్ పడిపోయినా టీఎస్‌హెచ్ పెరగదు, నార్మల్‌గానే కనిపించవచ్చు. కాబట్టి ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్‌నే నేరుగా కొలిచే పరీక్ష) తప్పనిసరి. దాంతో పాటు ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ (పిట్యూటరీ ఆజ్ఞతో తయారై బీపీని నిలిపే హార్మోన్), ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్ (నెలసరికి సంబంధించిన పిట్యూటరీ హార్మోన్లు), సోడియం చూడాలి. నెలసరి ఆగిందన్నారు కాబట్టి గర్భం లేదని కూడా నిర్ధారించుకోవాలి.

వరస ముఖ్యం. కార్టిసాల్ తక్కువగా ఉన్న మనిషికి ముందుగా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే, ఉన్న కొద్ది కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చైపోయి బీపీ పడిపోయే ప్రాణాపాయం ఉంది. ముందు కార్టిసాల్ లోటు తీర్చి, ఆ తర్వాతే థైరాక్సిన్. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి, రేడియేషన్ సమ్మరీ కాగితం వెంట ఉండాలి. కళ్లు తిరగడంతో పాటు వాంతులు, మగత ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి. ఈ రకంలో మాత్ర మొదలైన తర్వాత కూడా మోతాదు సరిచూసేది ఫ్రీ టీ4తోనే, టీఎస్‌హెచ్‌తో కాదు.

ప్రశ్న: కరెంటు వల్ల థైరాయిడ్ తగ్గితే అయోడిన్ ఉప్పు ఎక్కువ వాడితే సరిపోతుందా? క్యాబేజీ మానేయాలా? జుట్టుకోసం బయోటిన్ వేసుకోవచ్చా?
– విల్లివాక్కం

జవాబు: సరిపోదు. ఇక్కడ కొరత అయోడిన్‌ది కాదు, గ్రంథిదే. ఉప్పు పెంచితే బీపీ పెరుగుతుంది, అంతే. వండిన క్యాబేజీ మామూలుగా తినండి. బయోటిన్ రక్తపరీక్షల్లో తప్పుడు అంకెలు చూపించగలదు, కాబట్టి పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ల్యాబులో ఆ సంగతి చెప్పండి.