చైనా కొండలు సరే, ముందు ఆ కాలువ చూడండి

ప్రశ్న: మా వారు ఈమధ్యే బడి నుంచి రిటైరయ్యారు. ఇద్దరం చైనా వెళ్లి పాత కట్టడాలూ కొండలూ చూసి రావాలని ఆయన సరదా. మా అబ్బాయి చూసిన ప్యాకేజీలో వారానికే బీజింగ్, షియాన్, జాంగ్‌జియాజియే, షాంఘై అన్నీ ఉన్నాయి. నాకేమో మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లెక్కాలన్నా ఆలోచించాలి. వెళ్లొచ్చంటారా?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: శుభ్రంగా వెళ్లండి చెల్లెమ్మా. ఆ ప్యాకేజీలో మాత్రం వద్దు. వారంలో నాలుగు ఊళ్లంటే మీరు చూసేది ఎయిర్‌పోర్టులూ, బస్సు కిటికీలూ, గైడు చేతిలో జెండా. ఏదో ఒక మూల పట్టుకుని నింపాదిగా చూడండి. నన్నడిగితే ఆ మూల సిచువాన్ రాష్ట్రం. దాని రాజధాని చెంగ్డూలో మకాం పెడితే పాత కట్టడం, కొండ, నది మూడూ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసేంత దూరంలోనే ఉంటాయి.

మా ఆయన ఇరిగేషన్‌లో చేసినవారు. చెంగ్డూ దిగగానే పాండాల దగ్గరికి వెళ్దామని నేనంటే, దూజియాంగ్‌యాన్ అని ఆయన పట్టు. కాలువ చూడ్డానికి అంతదూరం రావాలా, మన ఇంటి ముందు లేదా అని సణుగుతూనే రైలెక్కాను. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నది మీద చేయించిన పని అది. మన ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర పూర్తి చేసింది 1852లో. అంటే ఇది అంతకు రెండు వేల ఏళ్ల పైచిలుకు ముందుది, ఇప్పటికీ చెంగ్డూ మైదానానికి నీళ్లిస్తోంది.

చిత్రమేమిటంటే, అప్పుడు నదికి అడ్డంగా గోడే కట్టలేదు. నది మధ్యలో చేప మూతిలా కోసుగా ఒక గట్టు వేసి నీటిని రెండు పాయలు చేశారు. లోపలి పాయ ఇరుకు, లోతు ఎక్కువ. బయటి పాయ వెడల్పు. నీళ్లు తక్కువున్న రోజుల్లో పదింట ఆరు పాళ్లు లోపలి పాయలోకి, పొలాలకి వెళ్తాయి. వరదొస్తే ఆ లెక్క తిరగబడి ఎక్కువ నీరు బయటి పాయలోకి పోతుంది. లోపలి పాయ నుంచి కాలువకి దారి ఇవ్వడానికి కొండనే చీల్చారు. మందుగుండు లేని కాలం కదా, రాతిని మంటలతో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారని చెబుతారు.

గట్లు కట్టిన పాత పద్ధతి కూడా అక్కడ చూపిస్తారు. పొడవాటి వెదురు బుట్టల్లో ఏటి గుండ్రాళ్లు కూరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చడం. మా ఆయన ఆ అల్లిక సందులో వేలు పెట్టి, రాయి కదులుతుందేమోనని చూశారు. కదల్లేదు. ఏటా నీళ్లు తక్కువున్నప్పుడు పాయని కట్టేసి పూడిక తీసేవాళ్లట. ఎంత లోతు తీయాలో తెలియడానికి అడుగున ఇనుప కడ్డీలు పాతిపెట్టారు. అవి బయటపడేదాకా తవ్వాల్సిందే. "వేసవిలో కాలువలు కట్టేసి మనం చేసేదీ ఇదేనోయ్. కాకపోతే ఇక్కడ కొలతలో మోసం చేయడానికి లేదు" అని ఆయన ఒకటే నవ్వు. "అడుగు లోతుగా తవ్వు, గట్టు పొట్టిగా కట్టు" అనే లీ బింగ్ సూత్రం ఒడ్డునున్న గుడిలో చెక్కి ఉంది. ఆ గుడి లీ బింగ్‌దే, కొడుకుతో సహా దేవుణ్ణి చేసేశారు. మనమూ కాటన్ దొర పటానికి దండ వేస్తాం కాబట్టి నాకేమీ వింతనిపించలేదు.

ఇక మీ మోకాళ్ల సంగతి. లెషాన్‌లో 71 మీటర్ల బుద్ధుడు కూర్చుని ఉంటాడు. మూడు నదులు కలిసేచోట పడవలు మునిగిపోతున్నాయని హైటోంగ్ అనే భిక్షువు 713లో కొండను తొలిపించడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక 803కి గానీ పూర్తి కాలేదు. పాదాల దగ్గరికి దిగే మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి, క్యూ కదలదు. మీ వారిని అటు పంపించి మీరు పడవెక్కండి. నిజానికి బుద్ధుడు తల నుంచి కాలి గోళ్ల దాకా ఒక్క చూపులో కనబడేది నది మీంచే.

ఎమెయ్ కొండ 3,099 మీటర్లు. భయపడకండి, చాలా దూరం బస్సు తీసుకెళ్తుంది. చివర కేబుల్ కారు ఉంది. బస్సుకీ కేబుల్ కారుకీ మధ్య మాత్రం కొంత నడక, మెట్లు తప్పవు. చేతికర్ర కొనుక్కోండి. కోతులు సంచులు లాగేస్తాయి, తినేవి బయటికి తీయకండి. పైన చలి బాగా ఉంటుంది, రాజోలులో ఎప్పుడూ వాడని స్వెటరు అక్కడ పనికొస్తుంది. మబ్బు కమ్మితే ఏమీ కనబడదు, అందుకే ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: మాకు కొత్తగా పెళ్లైంది. హువాషాన్ కొండ అంచున చెక్కల మీద నడిచే దారి వీడియో చూసి మా ఆవిడ వెళ్దామంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నడుముకి బెల్టు కట్టి తీగకి తగిలిస్తారు. అసలు చిక్కు లోతు కాదు, ఎదురొచ్చేవాళ్లు. వెళ్లిన దారినే తిరిగి రావాలి కాబట్టి ఆ చెక్కల మీదే ఒకరినొకరు దాటుకోవాలి. మీరు పైనే కూర్చుని ఆవిణ్ణి పంపించినా తప్పేం లేదు. కొండకి మాత్రం ఇద్దరూ వెళ్లండి, పడమటి శిఖరానికి కేబుల్ కారు ఉంది.

హువాషాన్‌కి షియాన్ నుంచి వెళ్తారు కాబట్టి మట్టి సైనికుల్ని ఎలాగూ చూస్తారు. పాతకాలపు చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి బొమ్మల సైన్యం అది, 1974లో బావి తవ్వుతున్న రైతులకి దొరికింది. మొదటి గుంత ముందు వరసల దగ్గరే ఫోటోలు తీసుకుని వచ్చేయకండి. వెనకవైపు ముక్కలు ముక్కలైన బొమ్మల్ని అతికించి నిలబెడుతుంటారు, నాకు అదే ఎక్కువ నచ్చింది. షియాన్‌లోనే 652లో కట్టిన పెద్ద హంస గోపురం ఉంది, హ్యుయెన్‌త్సాంగ్ మన దేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాల కోసం కట్టినది. ఆయన రాసిన ఆంధ్రదేశపు రాజధాని వేంగి అనీ, అది మన ఏలూరు పక్క పెదవేగేననీ చరిత్రకారులు చెబుతారు. మీరు భీమవరం నుంచి వెళ్తున్నారు కాబట్టి ఆ గోపురం మీద కాస్త హక్కున్నట్టే.

ప్రశ్న: మేమిద్దరం శాకాహారులం. అక్కడ ఏం తిని బతకాలి?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: బౌద్ధ ఆలయాల్లో శాకాహార భోజనశాలలుంటాయి. చెంగ్డూలో వెన్‌షూ ఆలయంలో ఉన్నది బాగుంటుంది. బయట హోటళ్లలో జాగ్రత్త, వంకాయ కూరలోనూ టోఫూలోనూ పైన కాస్త మాంసం కైమా చల్లేస్తారు, వాళ్ల లెక్కలో అది కూరగాయల వంటకమే. కారానికి మనం బెదరం గానీ సిచువాన్ మిరియాలు వేరే సంగతి, నోట్లో పడితే నాలుక మొద్దుబారిపోతుంది. రైళ్లలో మరిగే నీళ్లు ఊరికే పట్టుకోవచ్చు, ఉప్మా మిక్స్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. డబ్బులు చెల్లించే అలీపే యాప్‌లో మీ కార్డు ఇంటి దగ్గరే ఎక్కించుకోండి. చైనా భాష తెలిసినవాళ్లతో "మాంసం, చేప, గుడ్డు వద్దు" అని ఒక అట్ట మీద రాయించుకుని ఇద్దరూ చెరొకటి దగ్గర పెట్టుకోండి. గుడ్డు అని విడిగా రాయించకపోతే నూడుల్స్ మీద తప్పకుండా ఒకటి వేసి తెస్తారు.