పేరు తెలియని అడాప్టర్‌ను తీసేసే ముందు: మేనకోడలికి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. రాజాంలో మీ ఇంటి కంప్యూటర్‌కు నెట్ నిలకడగా ఉండడం లేదనీ, నువ్వు ఏవేవో తెరిచి చూసి, ఎవరూ పెట్టని నెట్‌వర్క్ అడాప్టర్ (కంప్యూటర్‌ను నెట్‌కు కలిపేది) ఒకటి అందులో కొత్తగా చేరిందని కనిపెట్టావనీ, ఈ ఆదివారం దాన్ని నువ్వే తీసేస్తానంటున్నావనీ చెప్పింది. కంప్యూటర్‌ను దుకాణానికి మోసుకుపోకుండా నువ్వే చూసుకుంటానన్నందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కానీ "తీసేస్తాను" అన్న మాట చెవిన పడగానే అంత గుబులూ పుట్టింది. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మావయ్యా" అంటావు కాబట్టి, తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

చిన్న పనులు నీకు తెలిసినవే: రూటర్ ఆపి మళ్లీ వేయడం, కేబుల్ రెండు చివరలా ఊడదీసి గట్టిగా గుచ్చడం, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడం. వీటితో పాటు, మీ అమ్మ ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫై మీదనే నెట్ వస్తున్నదో లేదో చూడు. ఈ ఒక్క పరీక్ష చేయనందుకు మా వీధిలో ఒక పెద్దమనిషి ఎంత నష్టపోయాడో కింద రాస్తాను.

ఇక ఆ అడాప్టర్ సంగతి. అడాప్టర్ అనగానే కంప్యూటర్‌లో బిగించిన కార్డు ఒకటి ఉండాలని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. అలా ఉండవలసిన అవసరం లేదు. విండోస్ తన పనుల కోసం తానే కొన్ని అడాప్టర్లను సృష్టించుకుంటుంది. వాన్ మినీపోర్ట్ అనే పేరుతో వరసగా కనబడేవి డయల్-అప్, వీపీఎన్ (నెట్ మీదుగా మరో నెట్‌వర్క్‌కు చాటుగా కలిపే దారి) కనెక్షన్ల కోసం ఉన్నవి. అవి మీ ఒక్క కంప్యూటర్‌లోనే కాదు, నా దాంట్లోనూ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్ అనేది మొబైల్ హాట్‌స్పాట్ పెట్టడానికీ, తెరను టీవీ మీదకు పంపడానికీ పనికివస్తుంది. దాని కనెక్షన్‌కు లోకల్ ఏరియా కనెక్షన్ అని పేరు పెట్టి, పక్కన నక్షత్రం గుర్తు, ఒక అంకె తగిలిస్తారు. మీ అమ్మ నాకు చదివి వినిపించిన పేరులో "వర్చువల్" ఉంది, "చుక్కలాంటిది ఏదో ఉంది" అని కూడా అన్నది. అది ఇదే అయితే, ఆ అడాప్టర్ ఎన్నాళ్లుగానో అక్కడే ఉంది. నువ్వు ఇప్పుడు చూశావు, అంతే.

అది కాకపోతే మరో మూడు దారులు ఉన్నాయి. నువ్వు కాలేజీ ల్యాబ్ పని కోసం, కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ వేసుకుని ఉంటే, అది హోస్ట్-ఓన్లీ అడాప్టర్ ఒకటి పెడుతుంది, దానికి మామూలుగా 192.168.56.1 అనే చిరునామా ఉంటుంది. తమ్ముడు ఆటల కోసం ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఎక్కించి, దాని కోసం విండోస్‌లో అలాంటి పనే చేసే హైపర్-వి ఆన్ చేసి ఉంటే, వీఈథర్‌నెట్ అనే పేరుతో ఒకటి పుట్టుకొస్తుంది. ఎవరైనా ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ వాడుకుని ఉంటే, రిమోట్ ఎన్‌డీఐఎస్ అనే మాటతో ఇంకొకటి చేరుతుంది. మూడింటిలోనూ నాకు అనుమానం తమ్ముడి మీదనే. వాడిని తిట్టకుండా అడుగు, తిడితే నిజం చెప్పడు.

అనుమానంతో ఊరుకోకుండా ఇలా చూడు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ విప్పి, వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కి, ఆ జాబితాను ముందుగా ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకో. తర్వాత అనుమానం ఉన్న పేరు మీద రెండుసార్లు నొక్కి, డీటైల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకో. అక్కడ పీసీఐ అని మొదలై, వెన్ అన్న మాట తర్వాత 8086 ఉంటే అది ఇంటెల్ కార్డు. 10ఈసీ ఉంటే రియల్‌టెక్. 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్. యూఎస్‌బీ అని మొదలైతే బయట గుచ్చిన వస్తువు. రూట్ అని మొదలైతే, అది ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టినది, చేత్తో పట్టుకునే వస్తువు కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ అని ఇంగ్లీషులో కొడితే ప్రతి అడాప్టర్‌కూ ఫిజికల్ అడ్రస్ కనబడుతుంది. అందులో మొదటి ఆరు అక్షరాలు 00-15-5డీ అయితే హైపర్-వి, 00-50-56 అయితే వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్. అదే తెరలో నీ అసలు అడాప్టర్‌కు ఐపీ చిరునామా 169.254తో మొదలైతే, రూటర్ నుంచి దానికి చిరునామా అందలేదని అర్థం. అప్పుడు నువ్వు వెతకవలసింది రూటర్‌నూ, మధ్యలోని దారినీ; ఆ కొత్త పేరును కాదు.

డ్రైవర్ అంటే ఆ అడాప్టర్‌ను విండోస్ చేత నడిపించే సాఫ్ట్‌వేర్. డ్రైవర్ ట్యాబ్‌లో తయారీదారు పేరు, డిజిటల్ సంతకం ఎవరిదో చూడు. తేదీ దగ్గర 2006 జూన్ 21 అని కనిపిస్తే కంగారుపడకు. విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది. కార్డు తయారుచేసిన కంపెనీ డ్రైవర్ ఉంటే, దాని తేదీ కొత్తది కాబట్టి విండోస్ దానికి పెద్దపీట వేస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్లకు ఆ తేదీ చూపించి, మీ డ్రైవర్లు పాతబడ్డాయి, మా ప్రోగ్రాం వేసుకోండి అంటూ చెత్త ఎక్కించేవాళ్లు నెట్ నిండా ఉన్నారు. డ్రైవర్ కావలసివస్తే, కార్డు లేదా కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకో.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఏ అడాప్టర్ మీదా అన్‌ఇన్‌స్టాల్ నొక్కవద్దు, డిసేబుల్ నొక్కు. డిసేబుల్ చేసినది వికటిస్తే, అదే చోట ఎనేబుల్ నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను చేరిన కొత్తలో, ఎం.డి.ఎఫ్. (ఊరి ఫోన్ తీగలన్నీ వచ్చి కలిసే చట్రం) ముందు నిలబెట్టి మా సీనియర్ లైన్‌మన్ నేర్పిన మొదటి పని జంపర్ (రెండు కొసలను కలిపే తీగ) వేయడం కాదు, పీకబోయే జంపర్‌కు ముందు చీటీ కట్టడం. వేల జతల తీగలు ఒకే రంగులో అల్లుకుని ఉండే ఆ చట్రం దగ్గర, పనికిరానిదిలా కనబడిన జంపర్ పీకితే ఏ ఆసుపత్రి ఫోన్ మూగపోతుందో ఎవరికీ తెలియదు. ఆయన నోరు చాలా చెడ్డది. చీటీ లేకుండా తీగ ముట్టుకుంటే నన్ను ఏమనేవారో నీకు రాయలేను. కానీ మధ్యాహ్నం తన క్యారేజీలో సగం నాకు పెట్టనిదే ముద్ద ముట్టేవారు కాదు.

మా వీధి చివరి ఇంట్లో ఉండే లెక్కల మాస్టారు నీకు గుర్తుండాలి. చిన్నప్పుడు నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఎక్కాలు అప్పజెప్పించుకుని చేతిలో జీడిపప్పు పోసేవారు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు బెంగళూరులో ఉన్న వారి అబ్బాయి ఇంటికి వచ్చి, తండ్రి కంప్యూటర్ మీదనే కంపెనీ పని చేసుకున్నాడు. దాని కోసం వేసిన వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఒక వర్చువల్ అడాప్టర్‌ను పెట్టింది. అబ్బాయి తిరిగి వెళ్లాడు, అడాప్టర్ ఉండిపోయింది, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. 2022 వానాకాలంలో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన పడి వెలిశాక వారి ఇంట్లో నెట్ ఆగిపోయింది. మాస్టారు డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే, తాను పెట్టని పేరు ఒకటి కనబడింది. వీపీఎన్ కలిపి లేదు కాబట్టి, నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు కూడా ఉంది. కలపని వీపీఎన్‌కు ఆ గుర్తు ఉండడం సహజమని ఆయనకు తెలియదు. దొంగ దొరికాడనుకున్నారు. లెక్కలో ఒక్క మెట్టు దాటవేస్తే పిల్లలకు సున్నా వేసే మనిషి, ఆ సాయంత్రం మెట్లన్నీ దాటేసి నేరుగా జవాబు రాసేశారు. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశారు. నెట్ రాలేదు. ఆ కింద ఉన్నవి కూడా ఒక్కొక్కటే తీసేశారు. ఆఖరికి నిజంగా పనిచేస్తున్న యూఎస్‌బీ వైఫై డాంగిల్‌ను కూడా, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను సైతం తొలగించమనే గడిలో టిక్కు పెట్టి మరీ తీసేశారు. ఆ డ్రైవర్ డాంగిల్‌తో వచ్చిన చిన్న సీడీలో ఉండేది, సీడీ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ఫోన్ మొబైల్ డేటా మీద నడుస్తోంది కాబట్టి ఇంటి నెట్ పోయిన సంగతి ఫోన్‌లో తెలియలేదు. అదే ఫోన్‌లో డాంగిల్ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనబడిన దానికి ఫోన్ చేశారు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, దూరం నుంచి ఫోన్‌ను నడిపే యాప్ ఒకటి వేయించి, రిజిస్ట్రేషన్ పేరుతో పది రూపాయలు కట్టించాడు. ఆయన పిన్ కొడుతుంటే వాడు చూస్తూనే ఉన్నాడు. పింఛను ఖాతాలో ఉన్నదాంట్లో పెద్ద భాగం ఆ రాత్రే పోయింది. పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని ఇలా మోసపోయానని ఎలా చెప్పుకోనని సిగ్గుపడి, ఆయన భార్యకు కూడా చెప్పలేదు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది, ఫిర్యాదు చేసినా డబ్బు తిరిగి రాలేదు. నెట్ ఆగిన మర్నాడు ఉదయం కేబుల్ కుర్రవాడు వచ్చి గోడ మీది పెట్టెలో ఎల్‌ఓఎస్ (సిగ్నల్ రావడం లేదని చెప్పే) దీపం ఎర్రగా వెలుగుతుండడం చూసి, చెట్టు కొమ్మ పడి స్తంభం దగ్గర తెగిన ఫైబర్‌ను అతికి వెళ్లాడు. కంప్యూటర్‌లో ఏ దోషమూ మొదటి నుంచీ లేదు. నేను మరో చోట డ్రైవర్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి వేసి వచ్చాను.

అందుకే తల్లీ, నీకు ఏ నంబరు కావాలన్నా పెట్టె మీదనో బిల్లు మీదనో ముద్రించినదే వాడు, వెతికి తీసినది వాడకు. నెట్ బాగుచేస్తానన్నవాడు నీ ఫోన్‌లో యాప్ వేయమంటే అక్కడే కట్ చెయ్యి. ఒకవేళ పొరపాటు జరిగితే, ఎవరు ఏమనుకుంటారోనని ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి. ఎంత రాత్రయినా నేను ఎత్తుతాను, తిట్టను.

ఆ అడాప్టర్ నిజంగా అక్కరలేనిదని తేలిన పక్షంలో, అంటే తమ్ముడు ఉచిత వీపీఎన్ ఏదో ఎక్కించి మరచిపోయాడని బయటపడితే, డివైస్ మేనేజర్‌లో దాని మీద పడకు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాను ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం చూసి, ఆ ప్రోగ్రామునే అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. అడాప్టర్ దానితోనే పోతుంది. ప్రోగ్రామును ఉంచి అడాప్టర్‌ను మాత్రమే తీస్తే, మళ్లీ తిరిగి రావచ్చు. ఆ పని చేసే ముందు రిస్టోర్ పాయింట్ (వికటిస్తే విండోస్‌ను పాత స్థితికి తెచ్చుకునే గుర్తు) పెట్టు. తీశాక వైఫై కలిసి ఉన్నా పేజీలు తెరుచుకోకపోతే, డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును చిరునామాగా మార్చి చెప్పేది) చిరునామా ఆ ప్రోగ్రాం మార్చినది అలాగే మిగిలిందేమో చూసి, ఆటోమేటిక్‌కు మార్చు. నెట్‌వర్క్ రీసెట్ అనే బటన్ జోలికి చివరిదాకా వెళ్లకు. అది అడాప్టర్లన్నింటినీ తీసి మళ్లీ పెడుతుంది, దాచిన వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి. మీ నాన్న ఆ పాస్‌వర్డ్ ఎక్కడ రాసి పెట్టారో ఆయనకే తెలియదు.

ఇంకొకటి, నువ్వు నవ్వినా సరే రాస్తాను. ఉరుములు వినబడితే ఈ పనంతా ఆపి, కంప్యూటర్ ప్లగ్గూ, రూటర్ ప్లగ్గూ, ల్యాన్ కేబులూ మూడూ ఊడదియ్యి. ఫైబర్ గాజు కాబట్టి దానిలో కరెంటు రాదు, నిజమే. కానీ పెట్టెకు వచ్చే పవర్ తీగలోనూ, పెట్టె నుంచి కంప్యూటర్‌కు వెళ్లే రాగి ల్యాన్ కేబుల్‌లోనూ వస్తుంది. మదర్‌బోర్డు మీది ల్యాన్ పోర్టు అలా కాలిపోతే ఆ అడాప్టర్ జాబితాలో కనబడకుండా పోతుంది, లేదా పసుపు గుర్తుతో కోడ్ 10 చూపిస్తుంది; అప్పుడు ఏ డ్రైవర్ వేసినా లాభం ఉండదు, యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ ఒకటి కొనుక్కోవడమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు స్విచ్చులు ఆపకుండా వదిలేసిన ఇళ్లలో సామాన్లు కాలిపోవడం నేను కళ్లారా చూశాను. అప్పటి నుంచి మబ్బు పట్టగానే ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకుతుంటే మీ అత్తయ్య విసుక్కుంటూనే ఉంది.

ఆదివారం పని మొదలుపెట్టే ముందు ఆ జాబితా ఫొటో, హార్డ్‌వేర్ ఐడీ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. కుటుంబం గ్రూపులో పెట్టకు. మీ బాబాయి చూస్తే వెంటనే ఫార్మాట్ చేయమంటాడు. పదకొండు లోపు పంపితే, నేను సంతకు వెళ్లే లోపే చూసి జవాబిస్తాను.

ఇట్లు,
మావయ్య